మూడు కొండలు కాదు, ఒక్కటే: లక్షలో చైనా కొండ నడక

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం, హైదరాబాద్‌లో ఉద్యోగాలు. సెలవులు కలిసొచ్చేలా అక్టోబరు మొదటి వారంలో తొమ్మిది రోజులు చైనా వెళ్లి జాంగ్‌జియాజియె, హువాంగ్‌షాన్, హువాషాన్ కొండలు ఎక్కాలనుకుంటున్నాం. మనిషికి లక్ష రూపాయల్లో అవుతుందా? మాలో ఒకడు శాకాహారి, ఇంకొకడికి మోకాలు అప్పుడప్పుడు ఇబ్బంది పెడుతుంది. అలిపిరి మెట్లు అందరం ఎక్కాం కాబట్టి నడక గురించి బెంగ లేదు. చైనీస్ ఎవరికీ రాదు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: లక్షలో అవుతుంది. కాకపోతే మూడు కొండల్లో రెండు కొట్టేయాలి, తేదీలు మార్చాలి, అలిపిరి ధైర్యాన్ని కొంచెం తగ్గించుకోవాలి.

ముందు కొండల సంగతి. హువాంగ్‌షాన్, హువాషాన్ పేర్లు వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా మొదటిది తూర్పున అన్‌హుయ్‌లో, రెండోది షియాన్ నగరం దగ్గర షాన్‌షీలో ఉంది. మధ్య దూరం గీత గీసి కొలిచినా దాదాపు 900 కిలోమీటర్లు. జాంగ్‌జియాజియె మళ్లీ హునాన్‌లో మరో మూల. ఒక కొండ నుంచి ఇంకో కొండకు మారిన ప్రతిసారీ ఒక రోజు రైలుకే పోతుంది, రైలు ఛార్జీ పడుతుంది, కొత్త ప్రవేశ టికెట్ పడుతుంది. చైనాలో పేరున్న కొండలన్నిటికీ గేటు ఉంటుంది, గేటు దగ్గర టికెట్ ఉంటుంది. లోపల బస్సుకి వేరే, రోప్‌వేకి వేరే. జాంగ్‌జియాజియెలో అయితే పార్కు టికెట్, 326 మీటర్ల బైలాంగ్ లిఫ్టు టికెట్, పక్కనే ఉన్న తియాన్‌మెన్ కొండ టికెట్ అన్నీ విడివిడి. బడ్జెట్ యాత్రల్లో డబ్బు కరిగేది హోటల్లో కాదు, ఈ గేట్ల దగ్గరే. అందుకే తొమ్మిది రోజులకు ఒక్క కొండ, అదీ హువాంగ్‌షాన్ పెట్టుకోండి. షాంఘైలో దిగితే రైల్లో మూడు గంటల దూరం, దారిలో హాంగ్‌జౌ కలుస్తుంది, కొండ కింద పాత ఊళ్లున్నాయి.

తేదీల విషయంలో మాత్రం బేరం లేదు. అక్టోబరు 1 నుంచి 7 దాకా చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు. దేశం దేశమే రోడ్డెక్కే వారం అది. రైలు టికెట్లు దొరకవు, హోటళ్లు రెండింతలు అడుగుతాయి. కొండ మీద ఇరుకు మెట్ల దారుల్లో అడుగు తీసి అడుగు వేయడానికి నిమిషాలు పడుతుంది. మే డే సెలవుల్లోనూ ఇదే పరిస్థితి. హువాంగ్‌షాన్ పైన గది దొరక్క జనం మరుగుదొడ్లలో రాత్రి గడిపిన ఫొటోలు అలాంటి సెలవుల్లో వచ్చినవే. అక్టోబరు మూడో, నాలుగో వారానికి జరపండి. కొండ ఎక్కే రెండు రోజులూ మంగళవారం నుంచి గురువారం లోపు పడేలా చూసుకోండి. శని, ఆదివారాలు షాంఘైలో గడపండి.

ఇక లక్ష. సగం విమానానికి, వీసాకు, ప్రయాణ బీమాకు పక్కన పెట్టేయండి. చైనా చాలా దేశాలకు ఇస్తున్న వీసా మినహాయింపులో, 240 గంటల ట్రాన్సిట్ సౌకర్యంలో (మరో దేశానికి వెళ్తూ మధ్యలో పది రోజులు వీసా లేకుండా ఉండనిచ్చేది) భారత పాస్‌పోర్టు లేదు. పర్యాటక వీసా ముందే తీసుకోవాలి. విమానాలు 2025 చివర్లో నేరుగా మళ్లీ మొదలయ్యాయి కానీ అవి ఢిల్లీ, కోల్‌కతాల నుంచి. హైదరాబాద్ నుంచైతే కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్‌ల మీదుగా వెళ్లాలి. ఇక్కడొక గుంట ఉంది. చవగ్గా కనబడుతున్నాయని రెండు వేరువేరు టికెట్లు కొంటే, మధ్యలో దిగి సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి, అక్కడి వీసా నిబంధనలు మీకు వర్తిస్తాయి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ గాలికి పోతుంది. మూడు నాలుగు వేలు ఎక్కువైనా హైదరాబాద్ నుంచి షాంఘై దాకా ఒకే టికెట్ కొనండి.

మిగిలిన యాభై వేలు, యువాన్ 13 రూపాయలనుకుంటే, సుమారు 3,800 యువాన్లు. ఏడు రాత్రుల లెక్క మనిషికి ఇలా వస్తుంది: రైళ్లకు 450, పడకలకు 900 (అందులో కొండ మీది ఒక్క రాత్రికే 350 దాకా), కొండ గేటు, బస్సులు, రోప్‌వేలు కలిపి 420, తిండికి 750, మెట్రో, ఊరి బస్సులకు 250, హోంగ్‌చున్ అనే పాత ఊరి టికెట్ సుమారు 100, అక్కడికి రానూపోనూ కొంత. మొత్తం మూడు వేలకు కాస్త లోపు. మిగతా ఎనిమిది, తొమ్మిది వందలు ముట్టుకోకండి. వాన వల్ల కొండ మీద రెండో రాత్రి ఉండాల్సి వస్తే పనికొచ్చేది అదే.

ఆ 420 ఎలా వచ్చిందంటే, మార్చి నుంచి నవంబరు దాకా ప్రవేశం 190 యువాన్లు, చలికాలంలో 150. కింద టాంగ్‌కౌ ఊరి నుంచి మెట్లు మొదలయ్యే చోటికి సొంత వాహనాలను పోనివ్వరు, పార్కు బస్సే ఎక్కాలి. ఒక్కసారికి 19 చొప్పున రానూపోనూ 38. షీహై లోయ అడుగు నుంచి పైకి తెచ్చే పట్టాల బండికి 100. దిగేటప్పుడు యూపింగ్ రోప్‌వేకి 90. ఎక్కడానికి రోప్‌వే లెక్కలో వేయలేదు, ఎందుకో కింద చెప్తాం.

ఊరి పేరు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. హువాంగ్‌షాన్ అనే పేరు మూడు చోట్లకు ఉంది. ఒకటి కొండ. రెండోది హువాంగ్‌షాన్ నగరం, అంటే నిజానికి టున్‌షీ, కొండకు 60 కిలోమీటర్లకు పైగా దూరం. మూడోది కొండకు ఉత్తరాన ఉన్న హువాంగ్‌షాన్ జిల్లా. యాప్‌లో ‘హువాంగ్‌షాన్ హోటల్’ అని వెతికి చవగ్గా కనబడింది బుక్ చేస్తే టున్‌షీలో తేలతారు. పొద్దున ఆరింటికి కొండ కింద ఉండాల్సినవాళ్లు ఆ సమయానికి బస్టాండు వెతుక్కుంటుంటారు. కొండ ఎక్కే ముందు రాత్రి గది టాంగ్‌కౌలోనే ఉండాలి. రైలు స్టేషన్లకూ అదే గందరగోళం. మీకు కావలసింది హువాంగ్‌షాన్ నార్త్. అక్కడి నుంచి టాంగ్‌కౌకి బస్సులో గంట. ఉత్తి ‘హువాంగ్‌షాన్’ అని ఉన్నది టున్‌షీ పాత స్టేషన్. షాంఘైలో ఎక్కువ హైస్పీడ్ రైళ్లు హోంగ్‌చియావ్ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. టికెట్ మీద స్టేషన్ పూర్తి పేరు చూడకుండా మెట్రో ఎక్కకండి.

రైలు టికెట్లు ప్రయాణానికి పదిహేను రోజుల ముందు తెరుస్తారు. 12306 అనే రైల్వే యాప్‌లో నేరుగా కొంటే అదనపు రుసుము ఉండదు. మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు ముందా వెనకా, పేరు రెండు ముక్కలా మూడా అన్నది ఒక్కో ఫారంలో ఒక్కోలా రాసే అలవాటు మనది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో పేరు ఏ క్రమంలో, ఏ అక్షరాలతో ఉందో విమానం, వీసా, రైలు, కొండ టికెట్ అన్నిట్లో అదే రాయండి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు చాలాచోట్ల మన పాస్‌పోర్టు చదవదు, పక్కన మనిషి ఉండే గేటుకు వెళ్లాలి. స్టేషన్‌కు ముప్పావుగంట ముందు చేరాలి. బ్యాగులన్నీ స్కాన్ చేస్తారు, పెద్ద స్ప్రే డబ్బాలు, కత్తులు, గ్యాస్ క్యాన్లు తీసేసుకుంటారు.

ఇప్పుడు అలిపిరి మాట. అలిపిరి దారిలో 3,550 మెట్లు. హువాంగ్‌షాన్ తూర్పు దారి యున్‌గు దగ్గర మొదలై పైన బైఅలింగ్ అనే గట్టు దాకా నిలువుగా దాదాపు 770 మీటర్లు ఎక్కుతుంది, కాబట్టి మొదటి పూట శ్రమ రెంటికీ ఇంచుమించు ఒకటే. కానీ అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాసేపు దాదాపు చదునుగా నడుస్తాం, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే గట్టి ఎక్కుడు. ఇక్కడ అలాంటి విడుపు లేదు. మీరు లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది: తిరుమలలో పైకి చేరాక దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతారు. హువాంగ్‌షాన్‌లో బైఅలింగ్ చేరడం మొదలు మాత్రమే. శిఖరాల మధ్య దారంతా దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. గ్రానైట్ రాతిమెట్లు, కొన్నిచోట్ల పాదం మొత్తం పట్టనంత సన్నం. రెండో రోజు మధ్యాహ్నానికి ఊపిరి బాగానే ఉంటుంది, తొడల ముందు కండరాలు మాత్రం వణకడం మొదలెడతాయి. మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువును ఆపేది ఆ కండరమే. అలిపిరి దానికి పరీక్ష పెట్టలేదు.

దానికి అభ్యాసం మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంది. పది అంతస్తులంటే సుమారు 30 మీటర్లు. లిఫ్టులో పైకి వెళ్లి మెట్లు దిగండి. మొదటి వారం రోజు విడిచి రోజు ఐదుసార్లు, రెండో వారం పది, మూడో వారం పదిహేను. వీపున నాలుగు కిలోల బ్యాగు ఉండాలి. బయల్దేరే ముందు వారం ఆపేయండి. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. దిగుడులో వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడేది ఇందుకే. దిగేటప్పుడు బూటు లేసు మడమ పక్క, చీలమండ దగ్గర బిగించి కట్టండి, వేళ్ల దగ్గర వదులుగా ఉండాలి. ట్రెక్కింగ్ కర్ర చివర రబ్బరు తొడుగు తప్పదు, ఇనుప మొన తడి గ్రానైట్ మీద జారుతుంది.

మొదటి రోజు ఆరున్నరకల్లా టాంగ్‌కౌ బస్సు ఎక్కి యున్‌గులో దిగండి. మోకాలి స్నేహితుడు తప్ప మిగతా ముగ్గురూ నడిచే ఎక్కండి. మూడు గంటలు పడుతుంది, రోప్‌వే 80 యువాన్లు మిగులుతాయి. తూర్పు దారి మెట్లు సమంగా ఉంటాయి కనుక ఎక్కడానికి ఇదే మంచిది. రోప్‌వే డబ్బు దిగడానికి దాచుకోవాలి, ఎక్కడానికి తగలేయకూడదు. దారిలో వెదురుబద్దకు రెండువైపులా బరువులు కట్టుకుని కావడి మోసేవాళ్లు ఎదురవుతారు. పైన హోటళ్లకు బియ్యం, నీళ్లు, దుప్పట్లు చాలావరకు వాళ్ల భుజాల మీదే వెళ్తాయి. వాళ్లకు దారి ఇచ్చేటప్పుడు మీరు గోడవైపు నిలబడాలి, లోయవైపు కాదు. కావడి తిరిగితే తగిలేది బయట నిలబడినవాళ్లకే. పైన నీళ్ల సీసా కింది ధరకు నాలుగైదు రెట్లు ఎందుకుంటుందో కూడా అప్పుడే అర్థమవుతుంది. మనిషికి రెండు లీటర్లు కింద నుంచే మోసుకెళ్లండి. పైన హోటల్లో వేడినీళ్లు ఊరికే ఇస్తారు.

బైఅలింగ్ నుంచి షిషిన్ శిఖరం చూసి, బ్యాగులు హోటల్లో పడేసి, సూర్యాస్తమయానికి 1,860 మీటర్ల గ్వాంగ్‌మింగ్‌డింగ్ శిఖరం చేరండి. అక్టోబరు చివర్లో అక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, హెడ్‌ల్యాంప్ చేతిలో ఉండాలి. రెండో రోజు ఆరుంబావు ప్రాంతంలో సూర్యోదయం చూసి, ఆ వెంటనే పైయున్ మంటపం వైపు నుంచి షీహై లోయలోకి దిగండి. కొండ చెక్కి అంటించినట్టుండే మెట్లు, కింద చూస్తే ఏమీ ఉండదు. హువాంగ్‌షాన్‌కు వెళ్లి ఇది చూడకపోతే డబ్బు దండగ అని మా అభిప్రాయం. చలికాలంలో ఈ లోయ మూసేస్తారు, అక్టోబరుకు ఇబ్బంది లేదు. అడుగు నుంచి పట్టాల బండి దాదాపు 500 మీటర్ల ఎత్తు పైకి తెస్తుంది. ఆ వంద యువాన్లు మిగల్చాలని చూస్తే మూడు గంటలు, కాళ్లు రెండూ పోతాయి. పైకి వచ్చాక యూపింగ్ దాకా నడిచి, అక్కడ పేరున్న ‘స్వాగత పైన్’ చెట్టు చూసి, రోప్‌వేలో దిగాలి. సాయంత్రం నాలుగుకల్లా రోప్‌వే దగ్గర ఉండండి. అది మూస్తే చీకట్లో రెండు గంటలు మెట్లు దిగాలి, అప్పటికి బస్సులు కూడా ఆగిపోతాయి. 1,864 మీటర్ల లోటస్ శిఖరం, దాని ఎదుటి తియాన్‌దు శిఖరం కొన్నేళ్ల చొప్పున వంతులవారీగా మూసి ఉంచుతారు, చెట్లూ నేలా కోలుకోవడానికి. ఏది తెరిచి ఉంటే అది, అదీ కాళ్లలో సత్తువ ఉంటేనే.

పైన పడక ముందే బుక్ చేయాలి. డార్మిటరీ అంటే బంకు మంచాలు, తేమ వాసన, బయట బాత్రూము, అంతకు మించి ఆశించకండి. పెద్ద బ్యాగులు టాంగ్‌కౌ హోటల్లో వదిలి చిన్న బ్యాగుతో ఎక్కడం మంచి పద్ధతే, అందరూ చేసేదే. కాకపోతే పాస్‌పోర్టు కూడా కింద బ్యాగులోనే ఉండిపోతుంది! కొండ గేటుకూ, పైన హోటల్లో దిగడానికీ అసలు పాస్‌పోర్టు చూపాలి. విదేశీయులు దిగిన ప్రతి రాత్రీ హోటల్ పోలీసు రికార్డులో నమోదు చేస్తుంది, ఫోన్లో ఫొటో ఒప్పుకోరు. జిప్ కవర్లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి.

అక్కడ ఏడాదిలో దాదాపు సగం రోజులు వాన. దాన్ని శాపమనుకోనక్కర్లేదు, వాన వెలిసిన మర్నాడు పొద్దునే ‘మేఘ సముద్రం’, అంటే శిఖరాల కింద సముద్రంలా పరుచుకున్న మేఘాలు, కనబడే అవకాశం ఎక్కువ. గొడుగు వద్దు, గట్ల మీద గాలికి తిరగబడుతుంది, ఉరుములప్పుడు ప్రమాదం కూడా. బ్యాగుతో సహా కప్పే రెయిన్‌కోటు టాంగ్‌కౌలో పది, పదిహేను యువాన్లకు దొరుకుతుంది. పైన చలి కింద కంటే ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ, రాత్రి 5 డిగ్రీల దగ్గరికి దిగొచ్చు. కాటన్ టీషర్టు చెమటకు తడిసి ఒంటికి అంటుకుని వణికిస్తుంది. డ్రైఫిట్ బనియన్, ఫ్లీస్ స్వెట్టర్, పైన గాలి ఆపే జాకెట్ ఉంటే చాలు.

శాకాహారి మిత్రుడికి అసలు కష్టం మాంసం ముక్కలతో కాదు, కనబడని వాటితో. కూరగాయల వేపుడు పంది కొవ్వులో చేస్తారు, నూడుల్స్ నీళ్లు ఎముకల రసం, సాస్‌లో ఆయిస్టర్ ఉంటుంది. టున్‌షీ, టాంగ్‌కౌ వీధుల్లో వేడివేడిగా అమ్మే గుండ్రటి హువాంగ్‌షాన్ షావ్‌బింగ్ చూడటానికి మన ఖారీ బిస్కెట్‌లా అమాయకంగా ఉంటుంది, లోపల ఎండు ఆవకూరతో పాటు పంది కొవ్వు ముక్కలుంటాయి. ‘వో ఛ్ర్ సు’ (నేను శాకాహారిని) అంటే సరిపోదు. మాంసం, చేప, పంది కొవ్వు, ఎముకల రసం, ఆయిస్టర్ సాస్ వద్దు అని చైనీస్‌లో అనువాదం చేసి ఫోన్లో ఫొటోగా పెట్టుకుని చూపించాలి. గుడ్డు తింటాడంటే బతుకు సులువు, టమాటా గుడ్డు వేపుడు దాదాపు ప్రతి హోటల్లో ఉంటుంది. వేడినీళ్లు రైల్లో, స్టేషన్లో, హోటల్లో ఎక్కడైనా ఉచితం. ఉప్మా, పోహా ప్యాకెట్లు పది, పల్లీ చిక్కీ, కారప్పొడి తీసుకెళ్తే కొండ మీద రెండు రోజులు గడిచిపోతాయి. చికెన్ పచ్చడి, నెయ్యి, పళ్లు మాత్రం వద్దు. మాంసం, పాల పదార్థాలు, పచ్చి పళ్లు కస్టమ్స్ దాటనివ్వరు. పొయ్యి అసలే వద్దు, కొండ మీద నిప్పు నిషేధం.

డబ్బు చెల్లింపు మొత్తం ఫోన్ మీదే. యూపీఐ పనిచేయదు. చైనా చెల్లింపుల యాప్ అలీపే ఇక్కడే దించుకుని, పాస్‌పోర్టుతో ధ్రువీకరించి, అంతర్జాతీయ లావాదేవీలు తెరిచిన వీసా లేదా మాస్టర్‌కార్డు జోడించండి. ఓటీపీ మీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి అది రోమింగ్‌లో బతికుండాలి. 200 యువాన్ల లోపు చెల్లింపుకు అలీపే రుసుము లేదు, దాటితే 3 శాతం. అందుకే నాలుగు ప్రవేశ టికెట్లు ఒకరే 760 పెట్టి కొనకండి, 22 యువాన్లకు పైగా ఊరికే పోతాయి. ఎవరి 190 వాళ్లు కట్టుకోండి. రెండు వేరే బ్యాంకుల కార్డులు, మనిషికి 500 యువాన్ల నోట్లు దగ్గరుంచుకోండి.

గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. రోమింగ్ ప్యాక్ లేదా బయటి దేశపు ఈసిమ్ వేసుకుంటే తెరుచుకుంటాయి, హోటల్ వైఫై మీద మాత్రం కాదు. తెరుచుకున్నా గూగుల్ మ్యాప్‌ను నమ్మకండి, చైనా మ్యాపుల కొలత పద్ధతి వేరు కనుక మీ చుక్క పక్క వీధిలో కనబడుతుంది. చైనా వాళ్ల మ్యాప్ యాప్ ఆమ్యాప్ దించుకోండి. పవర్‌బ్యాంక్ విషయం: 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సి గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్‌బ్యాంక్ ఎక్కనివ్వరు. మీరు రైళ్లలోనే తిరుగుతారు కాబట్టి ఇబ్బంది లేదు, మధ్యలో దేశీయ విమానం మాత్రం పెట్టుకోకండి.

చివరిగా మోకాలి స్నేహితుడు. అతను యున్‌గు రోప్‌వేలో ఎక్కి, యూపింగ్ రోప్‌వేలో దిగినా, ఆ రెంటి మధ్య వేల మెట్లుంటాయి. ఆ మాట అతనికి ఇప్పుడే చెప్పాలి, అక్కడికెళ్లాక కాదు. బయల్దేరే ముందు ఎముకల డాక్టరుకు చూపించుకుని, నీక్యాప్ వేసుకుని రోజూ నడిచి అలవాటు చేసుకోమనండి. కొత్త నీక్యాప్ కొండ మీద మొదటిసారి వేస్తే మోకాలి వెనక ఒరుసుకుంటుంది. షీహై లోయ అతనికి వద్దు. రెండో రోజు పొద్దున మీరు ముగ్గురూ లోయకు, అతను నెమ్మదిగా గ్వాంగ్‌మింగ్‌డింగ్‌కు. పన్నెండున్నరకు అక్కడ కలుస్తామని రాత్రే మాట్లాడుకోండి. పన్నెండున్నరకు మీరు రాకపోతే అతను ఒంటి గంట దాకా ఆగి, తర్వాత ఒక్కడే యూపింగ్ వైపు బయల్దేరాలి. అతని నడకకు ఆ దూరం మూడు గంటలు పట్టొచ్చు, రోప్‌వే అతని కోసం ఆగదు.